ముఖము చూడగోరు మాట

పఠింపవలసిన భాగములు: 2 యోహాను 12, 3 యోహాను 13, 14, యోహాను 11:1–35, 1 థెస్సలొనీకయులకు 2:17–3:10, 2 థెస్సలొనీకయులకు 2:1, 2, 3:17, 2 కొరింథీయులకు 1:23–2:13, 7:5–8.

పాఠ్యోద్దేశము: సెల్‌ఫోను మనుష్యుల పరస్పర సంభాషణను ఎట్లు మార్చినదో గ్రహించుట, అపొస్తలులు ఉత్తరములను వాడిన తీరునుబట్టి దానిని వాడుకొనుట నేర్చుకొనుట.

ప్రవేశిక

1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండు దేశమున నీల్ పాప్‌వర్త్ అను యువ ఇంజనీరు తన కంప్యూటరునుండి రిచర్డ్ జార్విస్ అను అధికారి సెల్‌ఫోనునకు రెండే రెండు మాటలు పంపెను. అవి క్రిస్మసు శుభాకాంక్షలు. సెల్‌ఫోనునకు అక్షరరూపమున చేరిన మొదటి సందేశముగా అది చరిత్రకెక్కినది. దేవుని వాక్యము దూరమున నిలిచియుండక నరరూపము దాల్చి మనుష్యుల నడుమకు వచ్చినదని చాటు పండుగ అది. మనిషి రాకుండ మాట మాత్రమే వచ్చు కాలమునకు ఆ పండుగ శుభాకాంక్షయే తొలిపలుకగుట ఆలోచింపదగిన సంగతి.

భారతదేశమున 1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరామ్‌తో మాటలాడుటతో సెల్‌ఫోను వాడుక ఆరంభమాయెను. ఆ తొలి సంవత్సరములలో ఫోను చేసినవారే గాక అందుకొనినవారును రుసుము చెల్లింపవలసియుండెను. 2003లో అందుకొనువారికి ఆ భారము తొలగినది. పదియేండ్లకు, 2013 జులైలో, నూరేండ్లకు పైబడి ఈ దేశపు ఇంటింటికి జననమరణ వార్తలను మోసిన టెలిగ్రాము సేవ ముగిసెను. నేడు దేశమందలి సెల్‌ఫోను కనెక్షనులు వంద కోట్లకు పైబడినవి. ట్రంకాలు కొరకు తపాలా కార్యాలయపు అరుగుమీద గంటలకొలది కూర్చున్న తరము ఇంకను సంఘములలో సజీవముగనే యున్నది. ఆ నిరీక్షణ యెట్టిదో ఎరుగని తరము వారి ప్రక్కనే కూర్చుండి ఆరాధించుచున్నది. కావున ఈ విషయమును లేఖనపు వెలుగులో పరిశీలించుట అవసరము.

1. మొదట కృతజ్ఞత

ఏ క్రొత్త సాధనము వచ్చినను దానిని ముందుగా నిందించుట కొందరి అలవాటు. న్యాయముగా విచారించువాడు అది చేసిన మేలును మొదట లెక్కించును.

అక్షరము రాని తల్లి సంగతి చూడుడు. పట్టణమందున్న కుమారునియొద్దనుండి కార్డు వచ్చినప్పుడు దానిని పోస్టుమనో బడిపంతులో చదివి వినిపింపవలసియుండెను. అప్పు సంగతియైనను, రోగపు సంగతియైనను, కాపురములోని కలతయైనను పరుల నోటనే వినవలెను. జవాబును పరుల చేతనే వ్రాయింపవలెను. ఆ తల్లి సగము మాటలు సిగ్గుచేత మ్రింగుకొనెడిది. నేడామె తన మాటను తన గొంతుతోనే కుమారునికి చెప్పుకొనుచున్నది. ఇది చిన్న విడుదల కాదు. కడప, గోదావరి జిల్లాలనుండి కువైటునకు ఇంటిపనికై వెళ్లిన స్త్రీలును, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు వెళ్లిన కూలీలును ఒకప్పుడు ఉత్తరము కొరకు వారములకొలది కాచుకొనెడివారు. నేడు పనియైన పిమ్మట తమ బిడ్డల ముఖములను తెరమీద చూచుకొనుచున్నారు. మాట వినబడనివారు సైతము దూరమందున్నవారితో చేసైగల భాషలో సంభాషింపగలుగుచున్నారు.

మాతృభాష విషయమును గమనింపదగును. మొదటి కాలమున ఒక సందేశమున ఆంగ్లాక్షరములు 160 పట్టుచుండగా, తెలుగునకు 70 మాత్రమే పట్టెడివి. గుణింతపు గురుతులును ఒత్తులును వేరువేరుగా లెక్కకు వచ్చుటచేత ఆ కొంచెము స్థలమును త్వరగా నిండిపోయెడిది. పలు ఫోనులలో తెలుగు లిపియే కనబడకుండెను. కాబట్టి ఆంధ్రులు తమ తెలుగును ఆంగ్లాక్షరములతో వ్రాసికొనిరి. ఆ ఇరుకు నేడు లేదు. ప్రార్థన విన్నపమును, ఓదార్పును, తల్లి దీవెనను తెలుగులోనే పంపవచ్చును. వీటన్నిటి కొరకు దేవునికి స్తుతి చెల్లింపక ఈ పాఠమున ముందుకు సాగుట తగదు.

2. సిరాయు, ముఖమును

క్రొత్త నిబంధనలోని ఇరువది యేడు గ్రంథములలో ఇరువది యొకటి పత్రికలుగనే చదువబడుచున్నవి. దూరమునుండి మాట పంపుట క్రైస్తవ సంఘమునకు క్రొత్త కాదు. అయితే ఆ ఉత్తరములు వ్రాసినవారు ఉత్తరమునుగూర్చి ఏమని తలంచిరి?

యోహాను రెండవ, మూడవ పత్రికలు మిక్కిలి చిన్నవి. ఒక్కొక్కటి ఒక్క పాపిరసు ఆకునకు సరిపోవునంత మాత్రమే. ఆ రెండింటి చివరను పెద్దయైన ఆ రచయిత ఒకే మాట చెప్పుచున్నాడు: చెప్పవలసినవి అనేకములున్నను వాటిని వ్రాతలో పెట్టుటకు అతనికి మనసొప్పలేదు, వచ్చి చూచి మాటలాడవలెనని అతని ఆశ. రెండవ పత్రికలో కాగితమును సిరాను, మూడవ పత్రికలో సిరాను కలమును పేర్కొనెను. గ్రీకులో కలమునకు ‘కాలమొస్’ అను పదమున్నది. దానికి రెల్లుపుల్ల యని అర్థము. తెలుగులోని ‘కలము’ ఆ మాటకు చుట్టమే.

తెలుగు బైబిలులో ‘ముఖాముఖిగా’ అని యున్న చోట గ్రీకు మూలమున ‘నోటికి నోరు’ అని యున్నది. సంఖ్యాకాండము 12:8లో దేవుడు మోషేతో మాటలాడు విధమును తెలుపు హీబ్రూ నుడికారమును ఇట్టిదే. అనగా దేవుడు తన సేవకునితో జరిపిన సన్నిహిత సంభాషణను తెలుపు మాటనే ఆ పెద్ద ఒక సామాన్య గృహములోని విశ్వాసులతో తాను కోరిన సంభాషణకును వాడెను. సంతోషము సంపూర్ణమగుట కలిసికొనినప్పుడే యని రెండవ పత్రిక చెప్పుచున్నది. ఉత్తరమువలన సంతోషము లేకపోలేదు, అది నిండలేదు. తన ఉత్తరము చాలదని ఉత్తరములోనే ఒప్పుకొనుట ఈ రెండు పత్రికల విశేషము. ఈ పాఠమునకు ముఖ్యసూత్రము ఇదియే: దూరమునుండి పంపు మాట ముఖమును చూడగోరు మాటగా నుండవలెను.

3. ఆకలి తీర్చు మాట, ఆకలి చంపు మాట

థెస్సలొనీకలోని క్రొత్త విశ్వాసులను పౌలు హఠాత్తుగా విడువవలసివచ్చెను. ఆ ఎడబాటును వర్ణించుటకు 1 థెస్సలొనీకయులకు 2:17లో అతడు వాడిన గ్రీకు క్రియలో ‘అనాథ’ అను మాట ఇమిడియున్నది. బిడ్డలను పోగొట్టుకొనిన తండ్రికిని, తండ్రిని పోగొట్టుకొనిన బిడ్డలకును చెల్లు మాట అది. అతడు తాను వెళ్లలేక తిమోతిని పంపెను. తిమోతి తిరిగివచ్చి శుభవార్త చెప్పెను. వార్త అందినది గదా యని పౌలు తృప్తిపడి ఊరకుండెనా? లేదు. వారి ముఖము చూచుటకై రాత్రింబగళ్లు ప్రార్థించుచున్నానని వ్రాసెను. వారి విశ్వాసమందలి లోపమును వెళ్లి తీర్చవలెనని అతని తపన. వార్త అతని ఆకలిని మరింత పెంచినది.

సెల్‌ఫోనులో నున్న శోధన ఇచ్చటనే గోచరించును. భోజనమునకు ముందు చిరుతిండి తినిన పిల్లవాడు అన్నము చాలునని లేచిపోవును. వానికి ఆకలి తీరలేదు, చచ్చినది. ప్రతి దినమును మూడు నిమిషములు తల్లితో మాటలాడు కుమారుడు పండుగకు ఇంటికి రాకపోయినను తన ధర్మము తీరినదని యెంచుకొనవచ్చును. ఒకప్పుడు ఆరు నెలలు ఉత్తరము వ్రాయని అపరాధ భావమే వానిని రైలెక్కించెడిది. ఇప్పుడా భావము కలుగుటకే తావు లేదు. తల్లి తెరమీద నవ్వుచునే యుండును. ఆమె మోకాలు వాచినదియు, వంటగదిలో పొయ్యి వెలుగనిదియు తెరమీదికి రావు. వాటిని చూడవలెనన్న గడప దాటవలెను.

మరణపు ఇంటి సంగతి ఇంకను స్పష్టమైనది. సంఘ సభ్యుని తండ్రి మరణించెనని ఉదయము సందేశము వచ్చును. ఒక గంటలోగా అరువది మంది చేతులు జోడించిన బొమ్మను పంపుదురు. సాయంకాలము సమాధి తోటలో పండ్రెండుగురు మాత్రమే కనబడుదురు. తక్కినవారు కఠినులు కారు. తాము ఓదార్చితిమనియే వారి నమ్మిక. యోబు స్నేహితులు పిమ్మట ఎంత పొరపాటు మాటలాడినను, మొదట ఏడు దినములు అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చుండిరి (యోబు 2:13). మౌనముగా కూర్చుండుట ఫోనునకు చేతకాదు. ఫోనులో మౌనమన్న లైను తెగినదని యర్థము. దుఃఖించువాని యెదుట మాటలు దొరకనప్పుడు మాటలు లేకుండనే చేయవలసిన పరిచర్య యొకటున్నది. అది శరీరముతోనే చేయవలెను.

ప్రభువు నడవడిని చూడుడు. శతాధిపతి దాసుని (మత్తయి 8) ఆయన దూరమునుండి మాటచేతనే స్వస్థపరచెను. కపెర్నహూములోని ప్రధానుని కుమారుని (యోహాను 4) కానాలోనుండియే బ్రతికించెను. దూరము ఆయన మాటకు అడ్డు కాదు. అట్లయినను బేతనియనుండి ఆ అక్కచెల్లెండ్రు వర్తమానము పంపినప్పుడు ఆయన జవాబు పంపి చాలించుకొనలేదు. ప్రాణాపాయమున్న యూదయకు నడిచివచ్చెను. సమాధికి వెళ్లు త్రోవలో కన్నీరు విడిచెను. లాజరును లేపుటకు ఆయన రాక అవసరము కాకపోవచ్చును. మరియతో కూడ ఏడ్చుటకు అవసరమాయెను.

4. ఉత్తరమే మేలైన వేళ

పై మాటలను విని, కలిసికొనుట ఎల్లప్పుడును మేలు, సందేశము ఎల్లప్పుడును తక్కువ యని తీర్మానించినచో అది తొందరపాటగును. కొరింథులో పౌలు ఒకసారి చూచినది దుఃఖకరమైన రాక. మరల వెంటనే వెళ్లినయెడల ఇరుపక్షములకును గాయమే మిగులునని యెరిగి, వారిని కనికరించియే వెళ్లక మానితినని 2 కొరింథీయులకు 1:23లో చెప్పెను. దానికి బదులు కన్నీళ్లతో ఒక ఉత్తరము వ్రాసెను (2:4). కోపము చల్లారని వేళ ముఖము ఎదుట పడుటకంటె, ఆలోచించి, ప్రార్థించి, తిరుగవ్రాసిన నాలుగు పంక్తులు ప్రేమకు తగిన పని. భార్యాభర్తలు, అన్నదమ్ములు, కాపరియు సంఘపెద్దలును ఈ మార్గమును మరువరాదు.

అయితే ఆ కన్నీటి ఉత్తరము పంపిన తరువాత పౌలు స్థితి యెట్టిది? త్రోయలో సువార్తకు తలుపు తెరువబడినను, తీతు కనబడనందున అతని మనస్సునకు నెమ్మది లేకపోయెను (2:12, 13). మాసిదోనియ చేరినను లోపల భయము విడువలేదు. తుదకు అతని నాదరించినది తీతు రాకడయే (7:6). సందేశము చదువబడినదని తెలుపు నీలిగీతల గురుతు 2014 నవంబరులో వాట్సాపులో ప్రవేశించెను. నాటినుండి, చూచియు జవాబియ్యలేదే యను క్రొత్త వేదన ఇండ్లలో పుట్టినది. పౌలునకు ఏ గురుతును లేదు. పంపిన మాట ఏ హృదయమున ఎట్లు పడినదో యెరుగక నెలల తరబడి దానిని దేవుని చేతికి అప్పగించి పని చేసెను. జవాబు రాని గంటను అనుమానముతో నింపుకొనక ప్రార్థనతో నింపుకొనుట నేర్చుకొనవలసిన పాఠము.

5. చేవ్రాలు లేని ఉత్తరము

ఉత్తరములను ఇతరులకు అందించు ఆచారము మొదటి సంఘమున లేకపోలేదు. కొలొస్సయులు తమ పత్రికను లవొదికయకు పంపి, అక్కడి పత్రికను తాము చదువవలెనని పౌలు ఆజ్ఞాపించెను (కొలొస్సయులకు 4:16). అయితే ఆ ఉత్తరము ఊరుపేరు లేక తిరిగినది కాదు. దానిని మోసినవాడు తుకికు, అతనితో ఒనేసిము. ఇక్కడి సంగతులన్నియు వారు తెలుపుదురని అందు వ్రాయబడియున్నది. సందేహము కలిగినయెడల అడుగుటకు ఎదుట నిలిచిన మనుష్యుడున్నాడు.

థెస్సలొనీకలో వేరొకటి జరిగెను. ప్రభువు దినము ఇదివరకే వచ్చియున్నదని, అది అపొస్తలుడు వ్రాసిన మాటయేనని ఎవరో కలవరము పుట్టించిరి (2 థెస్సలొనీకయులకు 2:2). కావున పౌలు ఆ పత్రిక చివర తన స్వహస్తముతో వందనము వ్రాసి, ప్రతి పత్రికయందును ఇదియే తన గురుతని చెప్పెను (3:17). అంత్యదినముల తేదీలు, కల్పిత అద్భుతములు, ఎవరో కాపరి చెప్పెనను మాటలు చేవ్రాలు లేకయే నేడు సంఘ గుంపులలో తిరుగుచున్నవి. ఎవరు వ్రాసిరి అని యడిగినచో, నాకును ఎవరో పంపిరి అనుటయే జవాబు.

దీని ఫలితము ప్రాణాంతకమగునని 2018 సంవత్సరము చూపెను. పిల్లలను ఎత్తుకుపోవు ముఠాలు తిరుగుచున్నవను అబద్ధపు సందేశములు దేశమంతట వ్యాపించి, తెలుగు రాష్ట్రములలోను అమాయకులమీద దాడులు జరిగెను. ఆ జులైలో కర్నాటకలోని బీదరు జిల్లాలో, తమలో ఒకరు బడిపిల్లలకు చాక్లెట్లు పంచినందున, హైదరాబాదునుండి వెళ్లిన స్నేహితుల బృందము గుంపు చేత చిక్కి, వారిలో ఒకడు చంపబడెను. వారి కారుకంటె ముందుగా వార్త తరువాతి గ్రామము చేరియుండెను. ఆ నెలలోనే వాట్సాపు సంస్థ ఈ దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసెను.

అదే సంవత్సరమున తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి వేరొక మార్గము పట్టెను. ఆమె పోలీసులు గ్రామములకు వెళ్లి ప్రజలతో మాటలాడిరి. డప్పులతో, పాటలతో ఆ సందేశములు అబద్ధములని చాటిరి. ముఖములేని మాట లేపిన భయమును ముఖమున్న మాట అణచినది. నిరాధారమైన వార్తను పుట్టింపకూడదని నిర్గమకాండము 23:1 విధించుచున్నది. ముందుకు పంపు వ్రేలు ఒక్కసారి నొక్కుటచేత ఆ ఆజ్ఞను మీరవచ్చునని విశ్వాసి యెరుగవలెను.

6. గదిలోని మాట, మిద్దెమీది మాట

ఒకప్పుడు మనిషి తన దినచర్యను పుస్తకములో వ్రాసి పెట్టెలో దాచుకొనెడివాడు. తరువాత బ్లాగు అను బహిరంగ దినచర్య వచ్చెను. దానిని వ్రాయుటకు కంప్యూటరు ముందు కూర్చుండవలెను. కూర్చుండులోగా కొంత కోపము చల్లారును, కొంత ఆలోచన పండును. సెల్‌ఫోను ఆ వ్యవధిని తీసివేసెను. అనుభవించుటకును ప్రకటించుటకును నడుమ గడియ యైనను మిగులుట లేదు. కీర్తనకారుని వలె పడకమీద హృదయముతో మాటలాడుకొని ఊరకుండుట (కీర్తన 4:4) అరుదైపోయినది.

సహోదరుడు తప్పిదము చేసినయెడల అతనిని ఒంటరిగా గద్దింపవలెనని ప్రభువు మత్తయి 18:15లో చెప్పెను. సంఘము ఆ క్రమమున చివరి మెట్టు. రెండువందలమంది యున్న గుంపులో ఒకనిని నిలదీయువాడు మొదటి మెట్టును, రెండవ మెట్టును దాటి చివరిదానిమీద దుమికినవాడే. అట్లే, ప్రార్థన కొరకని చెప్పబడిన రోగపు వివరములు, కుటుంబ కలహములు ఆ వ్యక్తి యనుమతి లేక నలుగురికి పంపబడుట ప్రార్థన పేరిట జరుగు కొండెము. బీదకు బియ్యపు సంచి ఇచ్చుచు తీసిన ఛాయాచిత్రము, మత్తయి 6:2లో ప్రభువు చెప్పిన బూర కంటె దూరము వినబడును. ఆ చిత్రములో తల వంచుకొనిన బీదవాని ముఖము ఎవనికి చెందినది?

7. 2020 నేర్పినది

2020 మార్చి 25నుండి దేశమంతట రాకపోకలు నిలిచిపోగా, ఆ యేడు ఏప్రిల్ 12న వచ్చిన పునరుత్థాన పండుగ దినమున దేవాలయములు మూయబడియుండెను. ఆ కాలమున కాపరులు ఫోను ద్వారా వాక్యము చెప్పిరి; ఆసుపత్రి మంచముమీది తల్లికి బిడ్డలు ఫోనులోనే వీడ్కోలు చెప్పిరి. ఫోను లేకున్న ఆ వీడ్కోలును లేకపోయెడిది. అప్పుడది దేవుని కృపయే. అయినను తలుపులు తెరచిన దినమున ముసలివారు ఒకరి చేతులనొకరు పట్టుకొని ఏడ్చుట చూచినవారికి, యోహాను సిరాతో ఎందుకు తృప్తిపడలేదో బోధింపనక్కర లేదు. మంచము పట్టినవారికిని దూరదేశమున నున్నవారికిని ఫోనులోని ఆరాధన నేటికిని ఆధారము. నడువగలవాడు దానిని సాకుగా చేసికొనినయెడల, సమాజముగా కూడుట మానవద్దను హెబ్రీయులకు 10:25 హెచ్చరిక అతనికే వర్తించును.

ఆచరణ

సందేశము పంపువాడు మూడు సంగతులు తన్ను తాను అడుగుకొనవలెను. ఈ మాటకు నా చేవ్రాలు పెట్టగలనా? ఇది ఒకని చెవికి తగినదా, పదిమందికి తగినదా? ఇది నన్ను ఆ మనిషి వైపునకు నడిపించుచున్నదా, వెళ్లనవసరము లేకుండ చేయుచున్నదా? మూడవ ప్రశ్నయే కష్టమైనది. మరణపు ఇంటికి, రోగి యొద్దకు, అలిగిన సహోదరుని యొద్దకు సందేశము ముందుగా పోవచ్చును. వస్తున్నానని చెప్పుటకు పోవలెను. రాలేనివాడు, రాలేకపోవుచున్నందుకు దుఃఖించుచు వ్రాయవలెను. అట్టి దుఃఖము పౌలు పత్రికలలో ప్రతి పుటను నున్నది.

దేవుడు ప్రవక్తలచేత అనేక మారులు మాట పంపెను. తుదకు కుమారుడు తానే వచ్చెను. ఆయన వెళ్లునప్పుడు తిరిగి వచ్చెదనని చెప్పెను. సంఘము చేతిలో నేడున్న లేఖనము ఆ రాకడ కొరకు ఎదురుచూచువారికి ఇయ్యబడిన ఉత్తరము. ముఖాముఖిగా చూచు దినమువరకు (1 కొరింథీయులకు 13:12) అది వారి ఆకలిని నిలుపుచున్నది.

చర్చకు ప్రశ్నలు

1. యోహాను తన ఉత్తరము చాలదని చెప్పుటకు కారణమేమి? దినదినము ఫోనులో మాటలాడువారికి ఆ కొరత ఎట్లు తెలియును?

2. ప్రభువు కొందరిని దూరమునుండి స్వస్థపరచి, బేతనియకు మాత్రము స్వయముగా వెళ్లుటలో సంఘ పరామర్శకు ఏ మాదిరి కనబడుచున్నది?

3. ఎదుటపడుటకంటె వ్రాయుటయే ప్రేమకు తగిన సందర్భములు మీ కుటుంబములో ఏవి?

4. మీ సంఘపు ఫోను గుంపులో వచ్చు వార్తలను పరీక్షించుటకు, రోగుల, కష్టములోనున్నవారి మర్యాదను కాపాడుటకు ఏ నియమములు అవసరము?

5. ఈ వారములో సందేశముతో సరిపుచ్చుకొనిన ఒక పరామర్శను జ్ఞాపకము చేసికొనుడు. ఆ యింటికి ఏ దినమున వెళ్లుదురు?